గన్నేరు పూల పక్కనాయన

ఆ ఎండాకాలం మొదట్లో బొమ్మల కాలేజీ నుంచి ఇద్దరు మా ఇంటికొచ్చి, ప్రిన్సిపాల్‌గారి బొమ్మ వెయ్యమని అమ్మని అడిగారు. అమ్మ నవ్వింది. అమ్మ అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. పళ్ళు కనబడ్డాయి గానీ కళ్ళు కదల్లేదు.

"ఆయన్ని? నేనా?" అంది.

వచ్చినవాళ్ళలో ఒకావిడ కాలేజీ కమిటీలో మనిషి. ఇబ్బందిగా కుర్చీలో సర్దుకుంది. "రిటైరయ్యే ప్రతి ప్రిన్సిపాల్ బొమ్మా పెద్ద హాల్లో పెట్టడం మాకు ఆనవాయితీ అండీ."

"మీ దగ్గర అంతంత పెద్ద ఆర్టిస్టులున్నారుగా?"

ఆవిడ ఏం చెప్పాలా అని చూస్తుండగానే, పక్కనున్న కుర్ర లెక్చరర్ నిజం కక్కేశాడు. "మావాళ్ళెవరికీ మనిషి పోలిక రాదండీ. ముగ్గురు వేశారు. ఒకటి చూసి సారు 'ఇదేంటి, కొండా?' అనడిగారు."

నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయాను. లోపల్నుంచే విన్నాను, అమ్మ "వేస్తాను" అనడం.

మా ఇంట్లో ఆ ప్రిన్సిపాల్‌కి 'అంతేగారు' అని పేరు. ఎవరి బొమ్మ ముందు నిలబడ్డా, అది ఆయన మెచ్చే బూడిదరంగు గోడలాంటి బొమ్మ కాకపోతే, "బావుంది. అంతే" అని పక్కకి వెళ్ళిపోయేవాడు. అమ్మ చదువు పూర్తిచేసిన ఏడు, ఆమె పూల బొమ్మల ముందు అందరూ వింటుండగా ఆ మాట అన్నాడు. మర్నాడు పేపర్లో ఇంకాస్త సాగదీసి, ఇవి కిటికీ తెరలకి అచ్చేసుకోవడానికి బావుంటాయని రాశాడు. కాలేజీలో అమ్మకి రావాల్సిన ఉద్యోగం దాంతో పోయింది. అమ్మ కాన్వాసులన్నీ చుట్టి మంచం కింద పెట్టేసి, టీ డబ్బాల మీద గులాబీలు వెయ్యడం మొదలుపెట్టింది. నేను పుట్టినప్పట్నుంచీ మా ముందుగది గోడ పొడుగునా ఆ డబ్బాలే.

నాన్నది అదే కాలేజీలో డ్రాయింగ్ మాస్టారి పని. పర్మనెంటు కాదు. ప్రతి ఏడూ అంతేగారు సంతకం పెడితేనే ఇంకో ఏడు. నాన్న నోట్లో నాలుక లేని మనిషి. అంతేగారి జోకులకి అందరికంటే ముందు నవ్వడం, అందరికంటే ఆఖర్న ఆపడం ఆయన ఉద్యోగంలో భాగమైపోయింది.

ఆ సాయంత్రం విషయం వినగానే నాన్న చెమట తుడుచుకున్నాడు. "కొరివితో తల గోక్కోవడం ఎందుకు? చేతకాదని చెప్పెయ్."

"చేతనవునని చెప్పానుగా," అంది అమ్మ.

"నీ మనసులో ఏముందో నాకు తెలుసు."

"తెలిస్తే మంచిదే. ఆ ఉత్తరం కిటికీ దగ్గరున్న బీరువా అటు జరపండి. నాకు వెలుతురు కావాలి."

నాన్న జరిపాడు.

* * *

అంతేగారు మొదటిరోజు పొద్దున్నే వచ్చాడు. బట్టలు ఇస్త్రీ నలగకుండా కుర్చీ అంచు మీద కూర్చుని గది చుట్టూ చూశాడు. టీ డబ్బాల దగ్గర చూపు ఆగింది.

"ఇంకా ఈ గులాబీలేనా అమ్మాయ్?"

"గులాబీలే సార్."

"బావున్నాయి," అన్నాడు. తర్వాతి మాట అననక్కర్లేకుండానే నాన్న వైపు చూశాడు. కిటికీ తెర పట్టుకుని నిలబడ్డ నాన్న హహహ అని నవ్వాడు. అమ్మ బొగ్గుముక్క చెక్కుకుంటోంది. చేయి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ చెక్కుకుంది. అంతేగారు అది చూడలేదు. నేనూ నాన్నా చూశాం.

ఆ పూట అమ్మ బొగ్గుతో గీసిన ముఖం నాకిప్పటికీ కళ్ళ ముందుంది. కళ్ళకింద ఉబ్బు, గడ్డం కింద రెండో గడ్డం, నొసట అడ్డగీతలు, అన్నీ ఉన్నాయి. అవి కాదు సంగతి. పెదవుల చివర ఎడమవైపు చిన్న వణుకు లాంటిదొకటి ఉంది. రేపట్నుంచి తనకెవరూ లేచి నిలబడరని తెలిసిన మనిషి వణుకు. నేను ఫ్రేములు కట్టే షాపులో పనిచేస్తాను. ఎన్నో ముఖాలకి అద్దం బిగించాను. అలాంటి ముఖం మాత్రం ఒక్కటీ రాలేదు.

అంతేగారు లేచొచ్చి చూశాడు. ముఖంలో రంగు దిగిపోయింది.

"ఇది... నేనా?"

"మొదలేగా సార్. మీకెలా కావాలంటే అలా వేస్తాను."

"అదికాదు. పోలిక ఉంది. ఉందనుకో." జేబురుమాలుతో మెడ ఒత్తుకున్నాడు. "ఈ కళ్ళకింద మరీ ఇంతుందా?"

"తగ్గిస్తాను."

"నుదురు కొంచెం..."

"చదును చేస్తాను."

అమ్మ గుడ్డ తీసుకుని ఆ ముఖమంతా ఒక్క చేత్తో తుడిచేసింది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆయన మాత్రం హాయిగా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

ఇక అక్కడ్నుంచి రోజూ ఒక కోరిక. జుట్టు ఇంకాస్త ఒత్తుగా. ముక్కు ఇంకాస్త సన్నగా. బుగ్గల్లో కొంచెం కళ ఉండాలన్నాడు. కళ అంటే ఎరుపని అమ్మ అర్థం చేసుకుంది, ఆయన కాదనలేదు. చేతి వేళ్ళు పొట్టిగా ఉన్నాయన్నాడు. అమ్మ పొడుగు చేసింది. అందం గురించి ఎవరూ మాట్లాడకూడదని ముప్ఫయ్యేళ్ళు పాఠం చెప్పినాయన, మా అమ్మ ముందు కూర్చుని పెళ్ళిచూపుల ముందు అద్దం వదలని వాడిలా అయిపోయాడు. అమ్మ ప్రతిదానికీ "అలాగే సార్" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకరోజు ఆయన వెళ్ళగానే అడిగేశాను. "నీకు సిగ్గులేదా అమ్మా? నీ నోటి దగ్గర కూడు లాగేసినవాడికి కూర్చుని పౌడరు రాస్తున్నావు. నేనైతే ముక్కు వంకరగా వేసి, చెవులు గాడిద చెవుల్లా పెట్టి..."

"అందుకే నువ్వు ఫ్రేములు కడుతున్నావు," అంది అమ్మ కుంచె కడుగుతూ. "ముక్కు వంకరేస్తే కడుపుమంటతో వేసిందంటారు. ఆయన మీద జాలిపడతారు. నేను ఒక్క వంకరా వెయ్యను. అడిగింది అడిగినట్టు ఇస్తాను. తర్వాత ఆయన ఎవర్ని తిట్టుకోవాలి?"

అప్పుడర్థమైంది నాకు. అమ్మ ముఖంలోకి చూస్తే కాస్త భయం కూడా వేసింది. భయంతోపాటు ఎంత సంతోషమో.

* * *

ఎండలు ముదిరాయి. ముఖం పూర్తయింది. ఆఖరిరోజు అంతేగారు బొమ్మకి దూరంగా జరిగి, దగ్గరకొచ్చి, మళ్ళీ దూరంగా జరిగి చూసుకున్నాడు. సంతృప్తిగా తలాడించాడు.

"ఈ ఎడంపక్క ఖాళీగా ఉందమ్మాయ్. బోసిగా. ఇక్కడేదైనా ఉండాలి."

"పుస్తకాలు వెయ్యనా సార్?"

"వెనకటి ప్రిన్సిపాల్ పుస్తకాలతోనే ఉన్నాడు. నీకెలాగూ పూలే వచ్చు కదా, ఏవో నాలుగు వేసి పడెయ్." నాన్న వైపు తిరిగి, "ఏమంటావయ్యా? గోడకి కొంచెం నిండుగా ఉంటుంది!"

నాన్న నోరు తెరిచాడు, నవ్వడానికి. ఏమైందో, నవ్వు రాలేదు. దగ్గొచ్చింది.

"పూలు మీరే అడుగుతున్నారు కదా సార్?" అంది అమ్మ.

"ఆఁ, నేనే."

మర్నాడు అమ్మ నన్ను రోడ్డు పక్క గన్నేరు కొమ్మలు కోసుకురమ్మంది. ఎర్రవీ, తెల్లవీ, ముద్దగన్నేరు గులాబీ రంగువీ తెచ్చాను. మేం రోజూ నీళ్ళు తాగే గాజుజగ్గు కడిగి, నింపి, అందులో పెట్టింది.

"గన్నేరా?" అన్నాడు నాన్న. "విషం కదా అది. మేకలు కూడా ముట్టవు."

"చూడ్డానికి బావుంటుంది," అంది అమ్మ. ఒక్కో కొమ్మా తిప్పి, వంచి, సర్దింది. "అంతే."

తర్వాత రోజులు ఎలా గడిచాయో నాకు వరసగా గుర్తులేదు. టీ డబ్బాల కంపెనీ మనిషి వచ్చి, సరుకేదని అరిచి వెళ్ళిపోయాడు. అమ్మ వినలేదు. పొద్దున కిటికీలో వెలుతురు పడ్డ దగ్గర్నుంచి అది పసుపెక్కే దాకా ఆ జగ్గు ముందే. పూలు వాడితే కొత్తవి తెచ్చేదాన్ని. మళ్ళీ అదే కోణంలో పెట్టేది.

అందంగా వెయ్యడం చులకన అనుకునేవాళ్ళు ఒక్క రేకు వేసి చూడాలి. తెల్ల గన్నేరు తెలుపు కాదు. నీడలో పడిన చోట లేత ఆకుపచ్చ ఉంటుంది, అంచున కొంచెం వెన్న రంగు, పక్క పువ్వు ఎరుపు దాని మీద పడి సిగ్గుపడినట్టుంటుంది. అమ్మ అసలైన తెలుపుని ఒకే ఒక్క చోట వాడింది. దాన్ని నీరుగార్చకుండా ఉండటానికి మిగతా బొమ్మంతటా వెలుగు ఒక మెట్టు దించింది. నీళ్ళలో కాడలు విరిగినట్టు పక్కకి జరిగి కనిపిస్తాయి కదా, ఆ విరుపు దగ్గర పల్చటి పొర వేసి, ఆరనిచ్చి, మళ్ళీ ఇంకో పొర. రోజుల తరబడి నీళ్ళకి నీళ్ళు పోసింది. జగ్గు కడుపులో మా కిటికీ వంకరగా, బుల్లిగా మెరిసింది. ఆ కిటికీలో ఒక గీతలాగా ఆకాశం.

సాయంత్రాలు నాన్న వెనక నిలబడి చూసేవాడు.  ఒకరోజు వెళ్ళి వంట మొదలుపెట్టాడు. ఉప్పు మర్చిపోయాడు. మేం అలాగే తిన్నాం. తర్వాత ఆ కాలమంతా వంట ఆయనదే. ఉప్పు మాత్రం ఒకరోజు మర్చిపోతే ఒకరోజు రెండుసార్లు వేసేవాడు.

ఫ్రేము నేనే కట్టాను. బరువైన టేకు చెక్క, మూలలు వెంట్రుక దూరనంత బిగువు. హాలు గోడకి దాన్ని ఎంత లోతుగా బిగించానంటే, పీకాలంటే గోడతో సహా పీకాలి. అమ్మ కుంచె అమ్మది, నా స్క్రూలు నావి.

* * *

ఆ రోజు హాలు కిక్కిరిసిపోయింది. గోడ మీద పాత ప్రిన్సిపాళ్ళు వరసగా, బాకీ ఎగ్గొట్టినవాళ్ళని చూసినట్టు కిందకి చూస్తున్నారు. అంతేగారు తన చేత్తో తనే తెర లాగాడు.

 బొమ్మలో ఆయన మెరిసిపోతున్నాడు. మడత లేని నుదురు, సంపెంగ మొగ్గలాంటి ముక్కు, బుగ్గల్లో గులాబీలు. టీ డబ్బా మీద అచ్చేసుకునేలా ఉన్నాడు. ముందు వరసలోంచి ఒక అమ్మాయి ఆపుకోలేక, "అబ్బ, సారు ఎంత ముద్దుగా ఉన్నారో!" అంది. వెనకనుంచి ఎవరో, "సంబంధం కుదిరిందా సార్?" అన్నారు. నవ్వు ఒక మూల మొదలై హాలంతా పాకింది. గౌరవంతో నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు గానీ భుజాలు ఊగుతూనే ఉన్నాయి.

అంతేగారు కూడా మొదట నవ్వాడు, మెచ్చుకోలనుకుని. తర్వాత ఆయనకి తట్టింది. చెవులు ఎర్రబడ్డాయి. చుట్టూ చూసి, అలవాటైన మనిషి కోసం వెతుక్కున్నాడు. నాన్న దొరికాడు.

"ఏమయ్యా, నువ్వు చెప్పు! మీ ఆవిడ ఎలా వేసింది? నువ్వూ డ్రాయింగ్ మాస్టారివేగా!"

ఒక్క జోకు పడేస్తే నాన్న అందుకుంటాడని ఆయన ధీమా. నాన్న అసలు ఆయన వైపు చూడలేదు. బొమ్మకి ఎడంపక్కగా నడిచివెళ్ళి నిలబడ్డాడు.

"ఆ నీళ్ళు చూశారా సార్?" అన్నాడు నెమ్మదిగా. "వేలు పెడితే తడుస్తుంది."

అన్నాడంతే. అందరూ జగ్గు వైపు తిరిగారు. ముందువాళ్ళు వంగి చూశారు, వెనకవాళ్ళు తోసుకుంటూ వచ్చారు. నవ్వు ఎప్పుడాగిపోయిందో తెలియలేదు. ఒక ముసలి లెక్చరర్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. హాలంతా ఎడంపక్కకి ఒరిగిపోయింది. కుడిపక్క అంతేగారు తెర తాడు పట్టుకుని ఒక్కడే మిగిలిపోయాడు. అందరి వీపులూ ఆయన వైపే.

అమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. బొమ్మని చూడటం లేదు. ఆ వీపుల్ని చూస్తోంది, ఆయన వాటిని చూడటాన్ని చూస్తోంది. దాహమేసినవాళ్ళు నీళ్ళు తాగుతున్నట్టు చూసింది.

పోతూ పోతూ అంతేగారు చేసిన ఆఖరి పని, నాన్న కాగితం మీద సంతకం పెట్టకపోవడం. నాన్న తన స్టూలు, కొలబద్ద, సుద్దముక్కల డబ్బా పట్టుకుని ఇంటికొచ్చాడు.

"బాధగా ఉందా?" అనడిగింది అమ్మ.

నాన్న స్టూలు కిటికీ దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. "ఆ నీళ్ళెలా వేశావో నాకు నేర్పు," అన్నాడు.

అమ్మ ఆయన వైపు చాలాసేపు చూసి, చేతికో కుంచె ఇచ్చింది. ఆ నెలలోనే మంచం కింది కాన్వాసు చుట్టలు బయటికొచ్చాయి. టీ డబ్బాలు పెరట్లోకి పోయాయి. ముందుగది మనుషులకి నడవడానికి దారి లేనంతగా బొమ్మలతో నిండింది. జరుగుబాటు కష్టమే అయింది. 

* * *

హాల్లో నేల మీద కూర్చుని కుర్రాళ్ళు ఆ జగ్గుని చూసి వేసుకోవడం మొదలుపెట్టారని షాపుకొచ్చిన వాళ్ళు చెప్పారు. ఎవరో కొత్తగా చేరిన పిల్లాడు, "పూల పక్కన కూర్చున్నాయన ఎవరు?" అనడిగాడట. అప్పట్నుంచీ అదే పేరైపోయింది. కింద ఇత్తడి రేకు మీద ఆయన పేరుంది. ఎవరూ చదవరు. కాలేజీలో ఒకరినొకరు పిలుచుకునేటప్పుడు, "పూల పక్కనాయన హాల్లో కలుద్దాం" అంటున్నారట. నేను ఆ మాట ఇంటికి మోసుకొచ్చి అమ్మకి మళ్ళీ మళ్ళీ చెప్పేదాన్ని. ప్రతిసారీ కొత్తగా విన్నట్టు వినేది.

వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం అంతేగారు మా ఇంటికొచ్చాడు. గొడుగు మూసి గది మూల పెట్టబోయి, నీళ్ళు కారతాయని మళ్ళీ బయట పెట్టి వచ్చాడు. ఇదివరకు అలా చేసే మనిషి కాడు. చొక్కాకి ఇస్త్రీ లేదు. నాన్న కుర్చీ వేసి లోపలి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నేను మంచినీళ్ళిచ్చాను. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"ఆ జగ్గు తీసెయ్యాలి అమ్మాయ్."

"ఎందుకు సార్? బాలేదా?" అంది అమ్మ.

ఆయన నేలకేసి చూశాడు. 

"బావుంది," అన్నాడు.

మేం ముగ్గురం తర్వాతి మాట కోసం ఆగాం. ఆయన అనలేదు.

"తీసేస్తే అక్కడ ఖాళీగా ఉంటుంది సార్. బోసిగా."

"పోనీ ముఖం మార్చు." వేళ్ళతో నుదురు తడుముకున్నాడు. "నా ముడతలు నాకు పెట్టెయ్. కళ్ళకింద ఉబ్బు, ఆ గడ్డం... మొదటిరోజు బొగ్గుతో గీశావే, అది. ఆ రోజు భయమేసి వద్దన్నాను. అదే నేను. అక్కడున్నవాడెవడో నాకు తెలీదు. మా ఆవిడ కూడా వాణ్ణి చూసి నవ్వింది."

అమ్మ ఆయన ముఖంలోకి చూసింది. చూపు నుదుటి మీద మొదలై, కళ్ళకిందకి దిగి, పెదవుల చివర ఆగింది.

"కిటికీ వైపు కొంచెం తిరగండి," అంది.

ఆయన తిరిగాడు. వాన వెలుతురు ఆయన మీద పడింది. నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు జాలేసింది. అమ్మ కరిగిపోతుందనే అనుకున్నాను.

"ఇప్పుడు బావుంది మీ ముఖం. వెయ్యాల్సిన ముఖం ఇదీ," అంది.

ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వేస్తావా?"

"వెయ్యను."

 ఆయన నీళ్ళు తాగకుండానే గ్లాసు కింద పెట్టి లేచాడు. నాన్న గొడుగు తెరిచి అందించాడు. వీధి మలుపు తిరిగేదాకా అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. పశ్చాత్తాపపడుతోందేమో అనుకున్నాను. లోపలికొచ్చి, చెయ్యి కూడా తుడుచుకోకుండా కొత్త కాన్వాసు ఈజిల్ మీద పెట్టింది.

వానలు తగ్గేసరికి అది పూర్తయింది. అమ్మ వేసిన వాటన్నిటిలోకీ అదే గొప్పదని నాన్న అంటాడు, నేనూ అంటాను. ప్రతి ముడతా ఉంది. పెదవి చివర వణుకుంది. కిటికీ వెలుతురులో, తప్పు తెలిసిన మనిషి ఎంత అందంగా ఉంటాడో అంత అందంగా ఉన్నాడాయన. అమ్మ దాన్ని ముందుగదిలో పెట్టలేదు. లోపలి గదిలో, గోడకేసి తిప్పి పెట్టింది.

"అమ్మా, ఒక్కసారి ఆయనకి చూపిద్దామే," అన్నాను. "ఇది చూస్తే సంతోషంతో ఏడ్చేస్తాడు."

"తెలుసు," అంది అమ్మ. "అందుకే చూపించను."